గడ్డి కట్టలు కట్టే మిషన్‌తో పని: కోత రోజు నుంచి గడ్డివాము దాకా

కొడవలితో కోసే రోజుల్లో వరిగడ్డి గురించి ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని ఉండేది కాదు. మొదలంటా కోసిన పైరు పనల మీద ఆరేది. కల్లంలో కొట్టాక గడ్డి విరగకుండా, పొడవుగా చేతికొచ్చేది. వాము వేయడం తెలిసిన పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉండేవాళ్లు. ఇప్పుడు మా సాగర్ ఎడమ కాల్వ కింద కోతంతా హార్వెస్టర్‌దే. గడ్డి నలిగి, విరిగి, మడి నిండా పడుతుంది. ఏరడానికి కూలీలు దొరకరు. ఆ గడ్డిని మళ్లీ పశువుల ముందుకు తేవడానికి మనకున్న దారి బేలర్, అంటే గడ్డిని ఒత్తి, చుట్టి, దారంతో కట్టే మిషన్.

నేను ఆరు సీజన్లుగా ట్రాక్టర్‌కు చిన్న రౌండ్ బేలర్ తగిలించి సొంత పొలంలోనూ, చుట్టుపక్కల ఊళ్లలో కిరాయికీ కట్టలు కడుతున్నాను. "మిషన్ కట్టిన గడ్డి బర్రెలు ముట్టడం లేదు", "కట్టలు లోపల బూజు పట్టాయి" అనే మాట చాలా ఇళ్లలో విన్నాను. అలాంటి కట్టలు విప్పి చూసిన ప్రతిసారీ తప్పు మిషన్ రాకముందే జరిగిపోయినట్టు కనిపించింది. అందుకే ఈ వివరాలు ట్రాక్టర్ దగ్గర కాకుండా కోత దగ్గర నుంచి మొదలుపెడుతున్నాను.

ఏ మిషన్

మన దగ్గర తిరిగేవి రెండు రకాలు. చిన్న రౌండ్ బేలర్ గడ్డిని ఇనుప రోలర్ల మధ్య గుండ్రంగా తిప్పుతూ చుడుతుంది. కట్ట సుమారు రెండడుగుల మందం, మూడడుగుల పొడవు ఉంటుంది. ఎండిన వరిగడ్డి అయితే ఒక్కో కట్ట 15 నుంచి 20 కిలోలు తూగుతుంది. 35 నుంచి 50 హెచ్‌పీ ట్రాక్టర్ చాలు. మన చిన్న మడుల్లో, గట్ల మధ్య తిరగడానికి ఇదే అనుకూలం.

రెండోది స్క్వేర్ బేలర్. ఇది గడ్డిని చుట్టదు. లోపల ముందుకీ వెనక్కీ కొట్టే పెద్ద పిస్టన్ లాంటి ప్లంజర్ గడ్డిని పొరలు పొరలుగా ఒత్తుతుంది. పొడవు సరిపోగానే రెండు సూదులు దారాన్ని పైకి తెస్తాయి, రెండు ముడివేసే పరికరాలు ముడి వేస్తాయి. ఇటుకల్లా పేర్చొచ్చు కాబట్టి లారీ లోడుకూ, దూరపు అమ్మకానికీ ఇదే మేలు. ధర మాత్రం రౌండ్ బేలర్ కన్నా చాలా ఎక్కువ. దీనికి 50 హెచ్‌పీ, అంతకు పైబడిన ట్రాక్టర్ ఉంటేనే హాయిగా నడుస్తుంది. ముడివేసే భాగానికి చేయి తిరిగిన మెకానిక్ దగ్గర్లో ఉండాలి.

ఐదూ పది ఎకరాల రైతు, ఊళ్లో పాడి ఉన్నవాళ్లకు కట్టలు అమ్మాలనుకునే రైతు, రౌండ్ బేలర్ తీసుకోవాలనేది నా అభిప్రాయం. కొనే ముందు మండల వ్యవసాయ అధికారిని కలవండి. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు సగం దాకా, మిగతావారికి 40 శాతం దాకా సబ్సిడీ నిబంధన ఉంది. మన మండలానికి ఆ ఏడాది బేలర్లు వచ్చాయో లేదో ముందే అడగాలి. మంజూరు కాగితం చేతికొచ్చాకే డబ్బు కట్టండి.

రౌండ్ బేలర్ కొత్త యంత్రమని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని నెబ్రాస్కాకు చెందిన ఉమ్మో లూబెన్ అనే రైతు 1910లోనే దీనికి పేటెంట్ పొందాడు. అలిస్ చామర్స్ కంపెనీ 1947లో రోటో బేలర్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. గడ్డిని చాపలా చుట్టాలన్న ఆ ఆలోచనే ఈ రోజు మన మడుల్లో తిరుగుతోంది.

1. నీళ్లు తీయడం, కోత

మడి తడిగా ఉంటే గడ్డి కింద నుంచి తేమ పీలుస్తూనే ఉంటుంది. పైన ఎంత ఎండ కాసినా కింది పొర ఆరదు. కోతకు పది రోజుల ముందే నీళ్లు ఆపేయండి. బురదలో హార్వెస్టర్ దిగితే దాని చైన్ల కింద గడ్డి మట్టిలోకి దిగబడుతుంది, ఆ గడ్డి ఇక మేతకు పనికిరాదు. పైగా చైన్లు చేసిన ఆ గాడుల్లో బేలర్ ఎగిరెగిరి పడుతుంది.

హార్వెస్టర్ డ్రైవర్‌తో రెండు మాటలు ముందే మాట్లాడుకోండి. ఒకటి, గడ్డిని ముక్కలు చేసే చాపర్, వెదజల్లే పరికరం ఉంటే ఆపేసి, గడ్డి వెనకాల ఒకే వరుసలో పడేలా చూడమనండి. రెండోది కోత ఎత్తు. మోకాలెత్తున కోస్తే సగం గడ్డి కొయ్యకాళ్లలోనే ఉండిపోతుంది. బేలర్ కోయదు, కింద పడి ఉన్నదాన్నే ఎత్తుతుంది. జానెడు ఎత్తులో కోయిస్తే కట్టలు బాగా పెరుగుతాయి. డ్రైవర్‌కు టైం ఎక్కువ పడుతుంది కాబట్టి ఒప్పుకోడు. గంటకు కొంచెం ఎక్కువ ఇచ్చినా గడ్డిలో తిరిగొస్తుంది.

2. ఆరబెట్టడం

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. తొందరపడి చెడగొట్టుకునేదీ ఇక్కడే.

కోసిన రోజు గడ్డి పచ్చిగా, బరువుగా ఉంటుంది. కట్ట కట్టే సమయానికి తేమ 15 శాతానికి దగ్గరగా ఉండాలి. 18 దాకా ఓర్చుకోవచ్చు. 20 దాటితే కట్ట లోపల బూజు ఖాయం. యాసంగి గడ్డి ఏప్రిల్, మే ఎండల్లో ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది. వానాకాలం పంట గడ్డికి నవంబరు మంచులో నాలుగు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. మధ్యలో ఒకసారి కర్రతోనో, ట్రాక్టర్‌కు తగిలించే పళ్ల రేక్‌తోనో తిరగేయాలి. తిరగేయకపోతే వరుస పైన తెల్లగా, కింద పచ్చగా ఉంటుంది, రెండూ కలిసి ఒకే కట్టలోకి వెళ్తాయి.

తేమ మీటర్ ఉంటే సరే. లేకపోతే మూడు రకాలుగా చూడొచ్చు. వరుస అడుగు నుంచి పిడికెడు గడ్డి తీసి తాడులా మెలితిప్పండి. చిటపటమని విరిగితే ఆరినట్టు, మెత్తగా మెలికపడి ఊరుకుంటే ఇంకా పచ్చి. రెండోది, కాడ మీద కణుపు దగ్గర గోరుతో గట్టిగా నొక్కండి. ఆకు ఆరిన రెండు రోజులకు గానీ కణుపు ఆరదు. గోటికి తడి తగిలితే ఆ రోజు మిషన్ బయటకు తీయొద్దు. మూడోది నాకు బాగా నమ్మకమైనది. పొడిగా తుడిచిన గాజు సీసాలో గుప్పెడు పొడి ఉప్పు, చిన్నగా కత్తిరించిన గడ్డి ముక్కలు వేసి మూతపెట్టి రెండు మూడు నిమిషాలు ఊపండి. ఉప్పు ముద్దకట్టినా, గాజుకు అంటుకున్నా తేమ 15 శాతం దాటినట్టే.

పొద్దున్నే మొదలుపెట్టొద్దు. మంచు ఆరి, పది పదకొండు గంటలయ్యాక దిగి, సాయంత్రం చల్లదనం గడ్డికి తగిలేలోపు ఆపేయాలి. కిరాయికి వచ్చినవాళ్లు రాత్రి లైట్లు వేసి కడతామంటారు. వాళ్లకు కట్టల లెక్కలో గిట్టుబాటవుతుంది, బూజు మాత్రం మన వాములో మిగులుతుంది. నేను కిరాయికి వెళ్లినప్పుడు సూర్యుడు దిగాక కట్టను. ఆ మాట ముందే చెప్పేస్తాను.

వాన పడిందా? ఒక్క జల్లయితే ఆరబెట్టి కట్టొచ్చు. రెండు మూడు రోజులు నాని నల్లబడిన గడ్డిని మేతకు కట్టొద్దు. దాన్ని పొలంలోనే కలియదున్నండి. లేదా విడిగా కట్టి పుట్టగొడుగులకు కాకుండా, పశువుల కింద పరుపుకు మాత్రమే వాడండి. బూజు విషం పాలివ్వని పశువుకైనా ఇబ్బందే, చూలుతో ఉన్నదానికి మరీ ప్రమాదం.

రాయలసీమలో వేరుశనగ కట్టెను, అంటే కాయలు తెంపిన ఎండు మొక్కను, ఇదే మిషన్‌తో కట్టేవాళ్లు దీనికి కాస్త తిరగేసి ఆలోచించాలి. ఆ కట్టెలో బలమంతా ఆకులో ఉంటుంది. మరీ ఎండితే మిషన్ ముందు గడ్డిని ఎత్తే పికప్ పళ్లు తగిలి ఆకు రాలిపోయి పుల్లలే మిగులుతాయి. ఎండ ముదరకముందు, ఆకు కొంచెం మెత్తగా ఉన్నప్పుడు కట్టడం మంచిది.

3. మడి నడిచి చూడటం

మిషన్ దించేముందు వరుసల వెంట ఒకసారి నడవండి. రాళ్లు, ఇనుప కమ్మీలు, విరిగిన పైపు ముక్కలు, కరెంటు తీగ తుంపులు, సీసాలు ఏరేయండి. రాయి లోపలికి పోతే రోలర్ సొట్టపడుతుంది. ఇనుము ఇనుముకు తగిలి నిప్పురవ్వ లేస్తే ఎండుగడ్డిలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తీగ ముక్క మిషన్‌ను దాటిపోయి కట్టలో చేరితే అది పశువు కడుపులోకి వెళ్తుంది. పశువు మేతను ఏరుకుని తినదు, నాలుకతో చుట్టి మింగేస్తుంది.

4. తగిలించడం, సరిచేయడం

ట్రాక్టర్‌నూ బేలర్‌నూ సమతలంలో నిలిపి తగిలించండి. పీటీఓ షాఫ్ట్, అంటే ట్రాక్టర్ శక్తిని మిషన్‌కు అందించే తిరిగే కడ్డీ, పొడవు మలుపులో కూడా సరిపోవాలి. మరీ పొడవైతే మలుపులో బేరింగ్‌ను తోసేస్తుంది, పొట్టిదైతే ఊడిపోతుంది. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ తొడుగు తిరగకుండా గొలుసుతో కట్టి ఉందో లేదో చూడండి. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరగాలి. ట్రాక్టర్ మీటర్ మీద ఆ గుర్తు ఉంటుంది. పని మొత్తం ఇంజన్ అక్కడే ఉండాలి, వేగం పెంచాలన్నా తగ్గించాలన్నా గేరే మార్చాలి.

పికప్ పళ్లు నేలకు ఒకటి రెండు అంగుళాల పైన తిరగాలి. నేలను గీరితే మట్టి కట్టలోకి వెళ్తుంది, వరిగడ్డిలో ఇసక గుణం అసలే ఎక్కువ, దానికి మట్టి తోడైతే పశువు పళ్లకూ మిషన్ కత్తికీ చేటు. మరీ ఎత్తులో పెడితే గడ్డి వదిలేస్తుంది. కొయ్యకాళ్ల పైన తేలుతున్న గడ్డిని పట్టేంత దించితే చాలు.

చైన్లకు నూనె, గ్రీజు నిపిల్స్‌కు గ్రీజు ప్రతిరోజూ పొద్దున్నే పెట్టాలి. బోల్టులు తట్టి చూడాలి. టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా ఉండాలి.

5. దారం

జనపనార సుతిలి, ప్లాస్టిక్ దారం, రెండూ దొరుకుతాయి. ప్లాస్టిక్ చవక, సులువుగా తెగదు. కానీ పశువు మింగితే కడుపులో అరగదు, ఉండలు కట్టి మేతకు అడ్డం పడుతుంది. ఇంటి పశువులకు కట్టుకునేవాళ్లు జనపనారే వాడండి. ప్లాస్టిక్ వాడితే కట్ట విప్పిన ప్రతిసారీ దారం మొత్తం చేతిలోకి తీసి సంచిలో వేయడం అలవాటు చేసుకోవాలి. కత్తితో నాలుగు చోట్ల కోసేస్తే ముక్కలు గడ్డిలోనే ఉండిపోతాయి. ఒక్కచోటే కోసి లాగండి.

ఎంత దారం పడుతుంది? రెండడుగుల మందం కట్ట చుట్టుకొలత దాదాపు 1.9 మీటర్లు. తొమ్మిది చుట్లు వేస్తే 17 మీటర్లు. బండిల్ మీద రాసిన మీటర్లను 17తో భాగిస్తే ఎన్ని కట్టలొస్తాయో తెలిసిపోతుంది. తొమ్మిది చుట్లు తగ్గించి ఐదుకు తెస్తే దారం మిగులుతుంది గానీ, ట్రాలీలో ఎక్కించి దించేసరికి కట్ట విడిపోతుంది. దారానికి దారి చూపే గైడ్‌లలోంచి సరిగా ఎక్కించి, చివర ఒక జానెడు వేలాడేలా వదలండి. అది లేకపోతే గడ్డి దారాన్ని పట్టుకోదు, కట్ట కట్టకుండానే బయటకు దొర్లుతుంది.

6. నడపడం

మొదటి గేరులో మొదలుపెట్టండి. గంటకు మూడు నుంచి ఐదు కిలోమీటర్లు, అంటే మనిషి మామూలుగా నడిచే వేగం. వరుస పికప్ కన్నా సన్నగా ఉంటే నేరుగా పోవద్దు. కొంతసేపు గడ్డి ఎడమ వైపుకు వెళ్లేలా, కొంతసేపు కుడి వైపుకు వెళ్లేలా ట్రాక్టర్‌ను అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. మధ్యలోనే గడ్డి పోస్తే కట్ట మధ్యలో లావై, రెండు కొనలు వదులుగా డోలులా తయారవుతుంది. ఆ కొనల దగ్గరే దారం జారిపోతుంది.

మిషన్‌లో కట్ట చుట్టే గది నిండగానే బజర్ మోగుతుంది. అప్పుడు ట్రాక్టర్ ఆపాలి, పీటీఓ మాత్రం తిరుగుతూనే ఉండాలి. మిషన్‌లోని దారం నడిపే చేయి ఒక కొన నుంచి ఇంకో కొనకు వెళ్లి చుడుతుంది, కత్తి తెంపుతుంది. అది పూర్తిగా తెగిందని చూశాకే హైడ్రాలిక్ లివర్ లాగి వెనక తలుపు తెరవండి. కట్ట దొర్లాక తలుపు మూసి, కొక్కెం పడిన శబ్దం విని ముందుకు కదలండి. ఏటవాలు గట్టు మీద కట్ట వదిలితే దొర్లి కింది మడిలో పనిచేస్తున్నవాళ్ల మీదకు వెళ్లొచ్చు.

మొదటి కట్టను పక్కన పెట్టి పరీక్షించండి. రౌండ్ కట్ట మధ్యలో కాస్త వదులుగా, పైపొర గట్టిగా ఉండటం ఈ మిషన్ పద్ధతే, లోపం కాదు. పైపొరలో బొటనవేలు సులువుగా దిగితే ఒత్తిడి స్ప్రింగ్ బిగించండి. చేయి లోపలికి పెట్టి చూస్తే వెచ్చగా తగిలితే ఆ రోజుకు పని ఆపేసి గడ్డిని మళ్లీ ఆరనివ్వండి.

స్క్వేర్ బేలర్ నడిపేవాళ్లకు ఒక గుర్తు. కట్ట విప్పితే పొరలు పుస్తకంలా విడివిడిగా వస్తాయి. ప్లంజర్ కొట్టిన ఒక్కో దెబ్బకు ఒక్కో పొర. పది లోపే ఉంటే మీరు చాలా వేగంగా పోతున్నట్టు. కట్ట అరటికాయలా వంగితే గడ్డి ఒక పక్కకే ఎక్కువ వెళ్తోందని అర్థం. ఫ్లైవీల్ అనే బరువైన చక్రం దగ్గరి రక్షణ బోల్టు తెగితే అదే కొలత, అదే గట్టిదనం ఉన్నదే వేయాలి. తెగకూడదని గట్టి బోల్టు వేస్తే, తర్వాతిసారి బోల్టు బదులు గేర్‌బాక్స్ పోతుంది.

7. ఆగిపోయినప్పుడు

గడ్డి ఇరుక్కోవడం, దారం చుట్టుకోకపోవడం, తలుపు పూర్తిగా మూసుకోకపోవడం, ఈ మూడే ఎక్కువ. ఇరుక్కోవడానికి పచ్చి గడ్డో, మందపాటి వరుసో, అతి వేగమో కారణం. దారం పట్టుకోకపోతే కొన పొట్టిగా ఉందేమో, గైడ్‌లో చిక్కు పడిందేమో, కత్తి మొండిబారిందేమో వరుసగా చూడండి. తలుపు మూసుకోకపోతే కొక్కెం దగ్గర గడ్డి పేరుకుందేమో చూడండి.

ఏది చూడాలన్నా ముందు పీటీఓ ఆపి, ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి. ఈ మాట మాటవరసకు అనడం లేదు. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది చుట్లు. కండువా కొసో, లుంగీ అంచో, చున్నీయో తగిలితే "ఆపు" అనే లోపే తొమ్మిది చుట్లు చుట్టుకుంటుంది. గడ్డి ఇరుక్కుంటే కాలితో తోయడం మన దగ్గర మామూలైపోయింది. పికప్ గడ్డిని లాగే వేగం మనిషి కాలు వెనక్కి తీసుకునే వేగం కన్నా ఎక్కువ. తెరిచిన వెనక తలుపు కిందకు వెళ్లాల్సి వస్తే హైడ్రాలిక్‌ను నమ్మొద్దు, తాళం పిన్ను వేయాలి. పిల్లల్ని కట్టలు లెక్కపెట్టడానికి కూడా మడిలోకి రానివ్వకండి.

ట్రాక్టర్ మీద చిన్న అగ్నిమాపక సిలిండర్, ఇరవై లీటర్ల నీళ్లు ఎప్పుడూ ఉండాలి. గంటకోసారి ఆపి బేరింగుల చుట్టూ, సైలెన్సర్ దగ్గర పేరుకున్న గడ్డి తీసేయాలి. వేడెక్కిన బేరింగే చాలా మంటలకు మొదలు.

8. వాము

కట్టిన రోజే వాములో పెట్టొద్దు. ఎండ ఉంటే ఒకటి రెండు రోజులు మడిలోనే వదిలి, పైన తగిలిన చెమ్మ పోనివ్వండి. నేల మీద నేరుగా పేర్చకుండా కింద కర్రలో, రాళ్లో, పాత బండపరుపో వేయండి. కింది వరస నేల తేమకు నల్లబడితే ఎక్కువ నష్టం అక్కడే. వరసల మధ్య గాలి ఆడాలి, పైన టార్పాలిన్ కట్టినా పక్కలు పూర్తిగా మూయొద్దు. ఇంటికీ, కరెంటు తీగలకూ దూరంగా ఉండాలి.

మొదటి మూడు వారాలు అసలైన టెన్షన్. తేమగా ఉన్న కట్టల్లో సూక్ష్మజీవులు పెరిగి వేడి పుడుతుంది. వాము మధ్యలోకి ఒక ఇనుప కడ్డీ గుచ్చి పావుగంట ఉంచి తీయండి. కడ్డీ పట్టుకోగలిగేంత వెచ్చగా ఉంటే రోజూ చూస్తుండాలి. పట్టుకోలేనంత కాలితే వాము విప్పాల్సిందే. లోపలి వేడి 70 డిగ్రీలు దాటితే గడ్డి తనంతట తానే అంటుకునే స్థితికి చేరుతుంది. అలాంటప్పుడు ఒక్కరే వాము ఎక్కొద్దు. లోపల కాలి డొల్లగా ఉంటే మనిషి దిగబడతాడు, గాలి తగలగానే మంట లేస్తుంది. నీళ్లు, మనుషులు, అవసరమైతే ఫైరింజన్ దగ్గర పెట్టుకునే విప్పాలి.

లెక్క

మా మిషన్ గంటకు 35 నుంచి 40 కట్టలు కడుతుంది. గంటకు నాలుగున్నర లీటర్ల డీజిల్. లీటరు వంద రూపాయల లెక్కన కట్టకు పదకొండు నుంచి పదమూడు రూపాయలు డీజిల్‌కే పోతుంది. దానికి 17 మీటర్ల దారం, డ్రైవర్ కూలి, మరమ్మతు, మిషన్ అరుగుదల కలపండి. ఆ లెక్క కాగితం మీద వేయకుండా పక్క ఊరివాడి కన్నా రెండు రూపాయలు తక్కువకు ఒప్పుకున్నవాళ్లు సీజన్ చివర బేరింగులు మార్చడానికి అప్పు చేశారు. కిరాయి ఇచ్చే రైతు కూడా కట్ట లెక్క మాట్లాడేటప్పుడు బరువు మాట్లాడాలి. వదులుగా కట్టిన 12 కిలోల కట్టకూ, 18 కిలోల కట్టకూ ఒకే ధర ఇస్తే నష్టం మనకే. పది కట్టలు తూకం వేసి సగటు చూసుకోండి.

ఇంకో లెక్క కూడా ఉంది. గడ్డి తగలబెడితే పొలం నష్టపోతుందని అందరికీ తెలుసు. గడ్డి అమ్మేసినా పొలం నుంచి పొటాష్ బయటకు వెళ్తుంది. వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాక గడ్డిలోనే ఉంటుంది. ఏటా రెండు పంటల గడ్డీ అమ్మే పొలానికి పశువుల ఎరువు తిరిగి తోలాలి, లేదా ఒక పంట గడ్డినైనా కలియదున్నాలి. నేను యాసంగి గడ్డి కడతాను. వానాకాలం గడ్డి, మంచులో ఆరక ఎలాగూ ఇబ్బందే కాబట్టి, ఎక్కువ భాగం దున్నేస్తాను.

పశువు ముందుకు

కట్టను అలాగే దొర్లించి వదిలేస్తే పశువులు తొక్కి సగం పాడుచేస్తాయి. దారం తీసి, దులిపి, వాసన చూసి వేయండి. కమ్మటి వాసన రావాలి. ముక్కు పట్టుకునేలా ముక్కిన వాసన వచ్చినా, దులిపితే తెల్లటి పొగలా లేచినా ఆ కట్ట పక్కన పడేయండి, ఆ దుమ్ము మన ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు.

వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. ఎండాకాలం పచ్చిమేత లేనప్పుడు యూరియాతో మాగేయడం పాడి రైతులకు బాగా ఉపయోగం. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లు. పూర్తిగా కరిగించి పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా ప్లాస్టిక్ పట్టాతో 21 రోజులు మూసి ఉంచాలి. తీశాక గంటసేపు గాలికి ఆరబెట్టి, ఘాటు పోయాక, మొదట కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు. యూరియా కలిపిన నీళ్ల బకెట్ పశువుకు అందేచోట క్షణం కూడా వదలొద్దు, తాగితే ప్రాణం పోతుంది.

సీజన్ అయ్యాక

మిషన్‌ను అలాగే చెట్టు కింద వదిలేయకండి. రోలర్ల మధ్య మిగిలిన గడ్డి, చుట్టుకున్న దారం మొత్తం లాగేయండి. గడ్డి తేమ పట్టి ఇనుమును తినేస్తుంది, ఎలుకలు గూడు పెట్టి వైర్లు కొరుకుతాయి. చైన్లు విప్పి డీజిల్‌తో కడిగి నూనె రాసి పెట్టండి. ఒత్తిడి స్ప్రింగులు వదులు చేయండి. వంగిన పికప్ పళ్లు, అరిగిన బేరింగులు అప్పుడే రాసిపెట్టుకుని తెప్పించండి. కోతలు మొదలయ్యాక అవి మార్కెట్లో దొరకవు, దొరికినా మెకానిక్ దొరకడు. మిషన్‌ను రేకుల కింద, టైర్లు నేలకు ఆనకుండా ఇటుకల మీద లేపి పెట్టండి.